బెంగళూరులో పాత టర్బో పెట్రోల్ కారు కొనేముందు ఏం చూడాలి

"2022 మోడల్, సింగిల్ ఓనర్, 38 వేలు మాత్రమే తిరిగింది." ఇలాంటి ప్రకటన కనబడగానే మన కళ్లు ఆ 38 వేల దగ్గరే ఆగిపోతాయి. బెంగళూరు బండి విషయంలో ఆ అంకె సగం సంగతే చెబుతుంది. రోజూ మారతహళ్లి మీదుగా సిల్క్ బోర్డ్ వైపు ఆఫీసుకు తిరిగిన కారు సగటు వేగం గంటకు 20 కిలోమీటర్లు అనుకుందాం. 38 వేల కిలోమీటర్లకు ఇంజిన్ 1,900 గంటలు నడిచినట్టు. అదే దూరం హైవే మీద 60 సగటున తిరిగిన బండి ఇంజిన్ 630 గంటల చిల్లర నడిచి ఉంటుంది. మీటరు ఒకటే, ఇంజిన్ నడిచిన గంటల్లో మూడు రెట్ల తేడా. ట్రాఫిక్‌లో క్లచ్ పడే అవస్థ ఈ లెక్కలోకి రానే లేదు.

అందుకే టర్బో (ఎగ్జాస్ట్ బలంతో చక్రం తిప్పి ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి నెట్టే పరికరం) ఉన్న పెట్రోల్ కారు కొనేటప్పుడు తక్కువ తిరిగిన బండి కోసం కాకుండా, ఆయిల్ సరిగ్గా మార్చుకుంటూ తిరిగిన బండి కోసం వెతకండి. అనంతపురమో హైదరాబాదో వారం వారం వెళ్లొచ్చిన 70 వేల కిలోమీటర్ల కారు, బెళ్లందూరు దాటి ఎరగని 30 వేల కారుకన్నా మంచి స్థితిలో ఉండటం మామూలు విషయమే.

ముందు ఇంజిన్, గేర్‌బాక్స్ జత తేల్చుకోండి

రంగు, సన్‌రూఫ్ తరవాత చూసుకోవచ్చు. ఈ తరగతి కార్లలో రిపేర్ ఖర్చు ఏ ఇంజిన్‌కి ఏ గేర్‌బాక్స్ తగిలించారన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

స్కోడా స్లావియా, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ 2022లో వచ్చాయి. వీటి అన్నదమ్ముల్లాంటి ఎస్‌యూవీలు కుషాక్, టైగున్ 2021లోనే వచ్చాయి. నాలుగింటిలోనూ రెండే ఇంజిన్లు. 1.0 టీఎస్ఐ (టీఎస్ఐ అంటే ఈ కంపెనీల టర్బో పెట్రోల్ ఇంజిన్ పేరు) మూడు సిలిండర్లది, 115 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత). ఇందులో ఆటోమేటిక్ అంటే 6 గేర్ల టార్క్ కన్వర్టర్, ఆయిల్ ద్వారా శక్తిని అందించే రకం. 1.5 టీఎస్ఐ నాలుగు సిలిండర్లది, 150 పీఎస్, 250 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం). ఇందులో ఆటోమేటిక్ అంటే 7 గేర్ల డీఎస్‌జీ, రెండు క్లచ్‌లు ఉండే గేర్‌బాక్స్. ఈ డీఎస్‌జీ డీక్యూ200 రకం, అంటే ఆయిల్‌లో మునగని పొడి క్లచ్‌లది. దాన్ని తయారుచేసిందే 250 న్యూటన్ మీటర్ల వరకు మోయడానికి. 1.5 ఇంజిన్ సరిగ్గా ఆ హద్దు మీదే ఉంది. బంపర్ టు బంపర్ ట్రాఫిక్‌లో పొడి క్లచ్‌లు వేడెక్కుతాయి, అరుగుతాయి. గేర్లు మార్చే మెకట్రానిక్ యూనిట్ పాడవడం ఈ డీక్యూ200కి ప్రపంచమంతా ఉన్న చెడ్డపేరు. కొత్త తరాల్లో చాలా మెరుగుపడింది గానీ, వారంటీ అయిపోయాక మెకట్రానిక్ మార్చాల్సి వస్తే బిల్లు లక్ష దాటుతుంది.

నా లెక్కలో, రోజూ అవుటర్ రింగ్ రోడ్డులో పడి లేచేవాళ్లకు 1.0 టార్క్ కన్వర్టర్ చాలు. వారాంతం ఊరికి వెళ్లేవాళ్లు, ఎడమ కాలు నొప్పిని ఓర్చుకోగలిగినవాళ్లు 1.5 మాన్యువల్ తీసుకోవచ్చు. 1.5 డీఎస్‌జీ నడుపుతుంటే వచ్చే మజా వేరు, కాదనను. దాన్ని కొంటే మాత్రం వారంటీ ఉన్నదే కొనండి. ఈ కార్లు 2022లో 4 ఏళ్లు లేదా లక్ష కిలోమీటర్ల వారంటీతో అమ్ముడయ్యాయి. ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకున్నారా, అది కొత్త ఓనర్ పేరు మీదికి మారుతుందా అన్నది అమ్మేవాళ్ల నోటిమాట మీద వదిలేయకుండా సర్వీస్ సెంటర్‌లో ఛాసిస్ నంబరు ఇచ్చి కనుక్కోండి.

2021 నాటి మొదటి కుషాక్‌లలో ఫ్యూయల్ పంపు సమస్య వచ్చి ఈపీసీ లైటు (ఇంజిన్ పవర్ నియంత్రణలో లోపం ఉందని చెప్పే హెచ్చరిక) వెలిగేది. కంపెనీ పంపులు మార్చి ఇచ్చింది. మీరు చూసే బండికి ఆ పని జరిగిందో లేదో బిల్లులో వెతకండి.

హ్యుందాయ్, కియా వైపు వస్తే, 2019 సెల్టోస్, 2020 క్రెటాల్లో 1.4 టర్బో, 140 పీఎస్. 2023 వెర్నాలో 1.5 టర్బో, 160 పీఎస్. దానికి ముందు వెర్నాలో 1.0 టర్బో ఉండేది, 120 పీఎస్. వీటిలో డీఎస్‌జీ లాంటి 7 గేర్ల డీసీటీ కూడా పొడి క్లచ్‌లదే. ఏటవాలు మీద ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకిస్తే ట్రాన్స్‌మిషన్ వేడెక్కిందని హెచ్చరిక వేసేది ఈ రకమే. విడిభాగాలు, సర్వీస్ ధరల విషయంలో వీటితో ప్రాణానికి కాస్త సుఖం.

పాత స్కోడా ఆక్టేవియా 1.8 టీఎస్ఐ మీద మనసు పడేవాళ్లు చాలామందే. 180 పీఎస్, ఆ రోజుల్లో ఆ ధరకి అలాంటి బండి ఇంకోటి లేదు. దాంట్లోనూ డీక్యూ200 డీఎస్‌జీయే. దానికి ముందు తరం, లారాలో వచ్చిన 1.8 అయితే పిస్టన్ రింగుల వల్ల ఆయిల్ తాగడం, ఇంజిన్ లోపలి గొలుసును (టైమింగ్ చెయిన్) బిగువుగా ఉంచే టెన్షనర్ గొడవ అదనం. మామూలు ఆక్టేవియా అమ్మకాలు మన దేశంలో 2023లో ఆగిపోయాయి. ఇంట్లో ఇంకో కారు ఉండి, నమ్మకమైన మెకానిక్ ఉంటే తప్ప అటు వెళ్లొద్దంటాను. 2013 పోలో జీటీ, వెంటోల్లోని 1.2 టీఎస్ఐకి కూడా చెయిన్ సమస్య ఉంది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు గొలుసు గలగలమంటే దాన్ని అక్కడే వదిలేసి రండి.

అసలు హైవే ముఖమే చూడనివాళ్లకు టర్బో అక్కరలేదు. హోండా సిటీ 1.5 పెట్రోల్‌లో టర్బో లేదు, ఆ గొడవలూ లేవు. ఇది చెబితే టర్బో అభిమానులకు కోపం వస్తుంది, రానివ్వండి.

కారు కన్నా ముందు కాగితాలు

ఫోన్లోనే సర్వీస్ బిల్లుల ఫొటోలు అడగండి. "అంతా షోరూంలోనే చేయించాం సార్" అనే మాటకు విలువ లేదు, తారీఖు, కిలోమీటర్లు ఉన్న బిల్లుకే విలువ. స్కోడా, ఫోక్స్‌వ్యాగన్‌లకు 15 వేల కిలోమీటర్లకు లేదా ఏడాదికి, ఏది ముందయితే అప్పుడు సర్వీస్. హ్యుందాయ్‌కి 10 వేలు లేదా ఏడాది. కరోనా రోజుల్లో, తరవాత వర్క్ ఫ్రం హోంలో చాలా బండ్లు ఏడాదికి నాలుగైదు వేలే తిరిగాయి. "తిరగలేదుగా, ఆయిల్ ఎందుకు" అని రెండేళ్లు లాగించినవాళ్లు ఉన్నారు. నాకు అన్నిటికన్నా అనుమానం వాటి మీదే.

ఎందుకంటే టర్బోలోని చక్రం నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. దాని ఇరుసును మోసేది పలచటి ఆయిల్ పొర. ఆయిల్ పాతబడి చిక్కబడినా, మసి చేరినా ముందు దెబ్బ దానికే. పైగా ఇవన్నీ డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లు. ఇంటి నుంచి సూపర్ మార్కెట్‌కి, అక్కడి నుంచి ఇంటికి, రెండు కిలోమీటర్ల తిరుగుడే అయితే ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, కొంత పెట్రోల్ ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి వాసన చూస్తే పెట్రోల్ గుప్పుమంటుంది, మట్టం గీత పైకి కూడా పోతుంది.

బిల్లుల తరవాత ఇన్సూరెన్స్ పాలసీ కాపీ అడగండి. అందులో నో క్లెయిమ్ బోనస్ చూడండి. క్లెయిమ్ లేకుండా గడిచిన ఏళ్లను బట్టి అది 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. నాలుగేళ్ల కారు పాలసీలో 45 ఉండాల్సిన చోట 20 కనబడితే, ఈమధ్య క్లెయిమ్ జరిగిందన్నమాట. ఏం జరిగిందో అడిగి, బాడీషాప్ బిల్లు తెప్పించుకోండి. బోనస్ ప్రొటెక్షన్ తీసుకుని ఉంటే క్లెయిమ్ అయినా అంకె తగ్గకపోవచ్చు, పాలసీలో ఆ యాడాన్ ఉందేమో కూడా చూడండి.

ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో నంబరు కొట్టి ఓనర్ వరస, ఫైనాన్స్, ఇన్సూరెన్స్ గడువు చూసుకోవడం రెండు నిమిషాల పని. బెంగళూరు ట్రాఫిక్ పోలీసు చలానాలు విడిగా చూడండి. సిగ్నల్ జంపులు, ఓవర్ స్పీడ్ చలానాలు పేజీలకు పేజీలు వస్తే డబ్బు ఎవరు కడతారన్నది తరవాత, బండిని ఎలా నడిపారో దాంట్లోనే తెలుస్తుంది.

పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు

ముందు రోజే చెప్పండి: నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి, మొహమాటం వద్దు.

ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఇంజిన్ లైటు, స్కోడా, ఫోక్స్‌వ్యాగన్‌లలో అయితే ఈపీసీ లైటు కూడా వెలగాలి. స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగనే లేదంటే ఎవరో లోపల పని చేశారు. స్నేహితుణ్ణి వెనక సైలెన్సర్ దగ్గర నిలబెట్టండి. చలి ఉదయం తెల్లటి ఆవిరి మామూలే. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కినప్పుడు నీలం పొగ బుస్సుమంటే టర్బో సీల్ మీద అనుమానం పెట్టుకోండి.

ఈలోగా ట్రిప్ కంప్యూటర్‌లోకి వెళ్లండి. స్కోడా, ఫోక్స్‌వ్యాగన్‌లలో లాంగ్ టర్మ్ అనే పేజీ ఉంటుంది. అమ్మేవాళ్లు మీటరు తుడుస్తారు, సీట్లు తుడుస్తారు, ఈ పేజీని రీసెట్ చేయడం చాలామందికి గుర్తుండదు. కొంత దూరం తిరిగాక ఇది తనంతట తానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది, కాబట్టి చెప్పేది ఈమధ్య సంగతే. సగటు వేగం 16 అని కనబడితే ఆ బండి ఈమధ్యంతా సిగ్నళ్ల దగ్గరే గడిపింది. 35, 40 ఉంటే ఊళ్లు తిరిగింది. మొదట్లో చెప్పిన గంటల లెక్క సుమారుగా వేయడానికి ఇది సులువైన దారి.

కూలెంట్ డబ్బా చూడండి. ఈ టీఎస్ఐ ఇంజిన్లలో వాటర్ పంపు, థర్మోస్టాట్ ఉండే ప్లాస్టిక్ భాగం దగ్గర కారడం తెలిసిన జబ్బే. మట్టం తక్కువగా ఉన్నా, గులాబీ రంగు కూలెంట్ ఎండిన మరకలు కనబడినా బేరంలో వాడుకోవచ్చు. డబ్బాలో మామూలు నీళ్లే ఉంటే ఆ ఓనర్ మిగతావి ఎలా చూసుకుని ఉంటాడో ఊహించుకోండి.

బేస్‌మెంట్ ర్యాంపు పరీక్ష

ఖాళీ రోడ్డు మీద టెస్ట్ డ్రైవ్‌లో ప్రతి టర్బో బండీ బాగానే ఉంటుంది. అసలు పరీక్ష అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ ర్యాంపు మీద. ఇంజిన్ బాగా వేడెక్కాక, అంటే కనీసం అరగంట ట్రాఫిక్‌లో తిరిగాక, రివర్స్‌లో మెల్లగా ర్యాంపు ఎక్కించండి. డీఎస్‌జీ లేదా డీసీటీ క్లచ్ అరిగి ఉంటే బండి వణుకుతుంది, స్టీరింగ్ చేతుల్లో జరజరమంటుంది. తరవాత ముందుకి, మధ్యలో ఆపి మళ్లీ కదిలించండి. ఒకటి నుంచి రెండుకి, రెండు నుంచి ఒకటికి మారేటప్పుడు జెర్క్ ఉందా? పార్కింగ్ నుంచి రివర్స్‌కి వేస్తే కదలడానికి ఆలస్యమవుతోందా? డ్యాష్‌లో గేర్ అక్షరం మినుకుమినుకుమంటోందా? ఒక్కటి ఉన్నా ఆ బండి ధర గురించి మాట్లాడటం అనవసరం.

మాన్యువల్ అయితే మూడో గేరులో 1,500 ఆర్‌పీఎం నుంచి పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం ఎగిరి వేగం పెరగకపోతే క్లచ్ అయిపోయింది. టర్బో అందుకునేటప్పుడు సన్నటి ఈల వినబడటం తప్పు కాదు. అంబులెన్స్ సైరన్‌లా పెరిగితే, లేదా బుస్సుమని గాలి పోతున్న శబ్దం వస్తే తప్పు. ఊరి పక్కనున్న నైస్ టోల్ రోడ్డు లాంటి చోట ఒకసారి వేగం అందుకుని చూడండి. పికప్ మధ్యలో తెగినట్టయి ఈపీసీ లైటు వెలిగితే సంగతి తేలిపోయినట్టే.

స్పీడ్ బ్రేకర్ల మీద కిటికీలు దించి, మ్యూజిక్ ఆపి వినండి. టకటక శబ్దాలు లింక్ రాడ్లు, బుష్‌లవి అయితే పెద్ద ఖర్చేం కాదు, ఈ ఊరి గుంతలకు అవి పోకపోతేనే వింత.

లిఫ్ట్ మీద, స్కానర్‌తో

అమ్మేవాళ్లు చూపించిన గ్యారేజీకి కాకుండా, మీరు ఎంచుకున్న చోటికి తీసుకెళ్లండి. ఒప్పుకోకపోతే అదే జవాబు. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా పనే చేసే గ్యారేజీలు బెంగళూరులో బోలెడు. తెలుగు మాట్లాడే మెకానిక్ దొరకడం కూడా కష్టమేం కాదు.

స్కానర్ పెట్టి ఇప్పుడున్న ఫాల్ట్ కోడ్‌లతో పాటు మిస్‌ఫైర్ (సిలిండర్ సరిగ్గా మండకపోవడం) లెక్క, బూస్ట్ (టర్బో నెట్టే గాలి) ఒత్తిడి, డీఎస్‌జీ అయితే క్లచ్ విలువలు చూడమనండి. కోడ్‌లన్నీ నిన్ననే తుడిచినట్టు ఖాళీగా ఉంటే ఓ యాభై కిలోమీటర్లు తిప్పి మళ్లీ చూడాలి. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపు విప్పితే పలచటి ఆయిల్ తడి ఉండొచ్చు, గుంటలా నిలిస్తే మాత్రం ఒప్పుకోకండి.

రీమ్యాప్ సంగతి విడిగా చెప్పాలి, అంటే ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ) ప్రోగ్రాం మార్చి పవర్ పెంచడం. ఈ ఊళ్లో టీఎస్ఐ కొన్న కుర్రాళ్లకు స్టేజ్ 1 (మొదటి మెట్టు రీమ్యాప్) వేయించుకోవడం ఒక సరదా. అమ్మే ముందు మళ్లీ స్టాక్‌కి, అంటే కంపెనీ ప్రోగ్రాంకి, మార్చేస్తారు. పొడి క్లచ్ డీఎస్‌జీ మోయగలిగేది 250 అయితే, దాని మీద ఇంకా టార్క్ ఎక్కించి రెండేళ్లు తిప్పిన బండి మీ చేతికి వస్తుంది. మార్కెట్‌లో దొరికే ఓపెన్ ఎయిర్ ఫిల్టర్ బిగించిన గుర్తులు, మార్చిన సైలెన్సర్, ఖరీదైన స్పార్క్ ప్లగ్‌లు కనబడితే సూటిగా అడగండి. కంపెనీ సర్వీస్ సెంటర్ రికార్డుల్లో టీడీ1 అని గుర్తు పడి ఉంటే ఈసీయూ ట్యూన్ చేసినట్టు వాళ్లకు దొరికిపోయిందని, ఇంజిన్ వారంటీ మీద ఆశ పెట్టుకోవద్దని అర్థం.

నీళ్లలో మునిగిన బండి

2022 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో బెళ్లందూరు, సర్జాపుర రోడ్డు వైపు అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్లలో కార్లు పైకప్పు దాకా మునిగాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానుకి చెన్నైలో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో అదే కథ. ఆ బండ్లు ఎక్కడికో మాయమైపోలేదు. కడిగి, సెంటు కొట్టి అమ్మకానికి పెట్టినవి తిరుగుతూనే ఉన్నాయి.

సీట్ బెల్టును చివరిదాకా లాగండి. లోపల ఉండే చివరి అడుగు మీద బురద గీత ఉంటే చాలు. సీటు కింద పట్టాల బోల్టులకు తుప్పు, స్టెప్నీ గుంటలో ఎండిన మట్టి, ఫ్యూజ్ బాక్స్‌లో ఆకుపచ్చ పొడి వెతకండి. ఏసీ వేయగానే మగ్గిన వాసన వస్తే, లోపల నాలుగు ఎయిర్ ఫ్రెషనర్లు వేలాడుతుంటే నాకైతే ఇంకేం చూడబుద్ధి కాదు.

బేరం

2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్లు దాటిన ఈ 1.0, 1.5 పెట్రోల్ కార్ల మీద పన్ను సెస్‌తో కలిపి 45 శాతం నుంచి 40కి తగ్గింది. అమ్మేవాళ్లు మాత్రం తాము కొన్న పాత ఆన్‌రోడ్ ధర చూపించి లెక్క కడతారు. మీరు ఇవాళ్టి కొత్త బండి ధర నుంచి లెక్క మొదలుపెట్టండి. టైర్ల మీద నాలుగంకెల కోడ్ ఉంటుంది, మొదటి రెండు వారం, తరవాతి రెండు సంవత్సరం. నాలుగూ ఐదేళ్లవి అయితే ఆ ఖర్చు తగ్గించమనండి. పొడి క్లచ్ ఆటోమేటిక్‌కి వారంటీ లేకపోతే గేర్‌బాక్స్ కోసం కొంత డబ్బు పక్కన పెట్టుకునే ధర చెప్పండి.

పేరు మార్పిడి, ఏపీ నంబరు గొడవ

ఫారం 29, 30 మీద సంతకాలు, లోన్ ఉంటే బ్యాంకు ఎన్ఓసీతో పాటు ఫారం 35. పేరు మార్పిడికి కొన్నవాళ్లు 30 రోజుల్లోపు దరఖాస్తు చేయాలి. ఇన్సూరెన్స్ మార్చుకోవడానికి 14 రోజులే గడువు. అమ్మినాయన నో క్లెయిమ్ బోనస్ ఆయనకే చెందుతుంది, ఆ తేడా మీరు కట్టాలి.

ఊళ్లో బంధువుల ఏపీ బండో తెలంగాణ బండో చవగ్గా వస్తోందని ఆశపడేముందు కర్ణాటక జీవితకాల పన్ను లెక్క వేయండి. వేరే రాష్ట్రం బండి ఇక్కడ 12 నెలలు దాటి ఉంటే రిజిస్ట్రేషన్ మార్చాల్సిందే. దానికి అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 ఎన్ఓసీ తేవాలి. 10 నుంచి 20 లక్షల మధ్య కారుకి ఇక్కడి పన్ను 17 శాతం, బండి వయసును బట్టి తగ్గుతుంది. అక్కడ కట్టిన పన్ను వెనక్కి తెచ్చుకునే వీలుంది, ఓపిక కావాలి. రెండేళ్లలో విజయవాడో హైదరాబాదో వెళ్లిపోయే ఆలోచన ఉంటే మీరు అమ్మేటప్పుడు కూడా ఇదే తంతు.

బండి చేతికి వచ్చిన రోజు తారీఖు, టైము, మీటర్ రీడింగ్ రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి. ఆ ముందు చలానాలు వాళ్లవి, తరవాతవి మీవి. బిల్లు ఎంత కొత్తదైనా మొదటి వారంలోనే మాన్యువల్‌లో చెప్పిన గ్రేడ్ ఆయిల్, ఫిల్టర్లు మార్పించండి. ఆపైన కంపెనీ 15 వేలు అన్నా, ఈ ట్రాఫిక్‌లో ఏడెనిమిది వేలకే ఆయిల్ మార్చడం మంచిది. అద్దం మీదున్న పాత ఫాస్టాగ్ కూడా అప్పుడే తీసేయించి మీ పేరు మీద కొత్తది తీసుకోండి. లేకపోతే మీరు శుక్రవారం రాత్రి కర్నూలు దాటేసరికి, అమ్మినాయన తన ఖాతాలో డబ్బు కట్ అవుతోందని ఫోన్ చేస్తాడు.